హార్డ్ డిస్క్ మొరాయిస్తోందా? ఇంట్లో కాపీనా, షాపా, ల్యాబా: ఎప్పుడు ఏది సరి

"రిపేరు అవుద్దా అన్నా?"

ఒంగోలు కర్నూలు రోడ్డు పక్క సందులో పదహారేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. హార్డ్ డిస్కు చేత్తో పట్టుకుని మెట్లెక్కిన వాళ్ళు ముందుగా అడిగేది ఇదే. అవ్వదు. చెడిపోయిన హార్డ్ డిస్కును మళ్ళీ నమ్మి వాడుకునేట్టు చెయ్యడం నా వల్ల కాదు, చెన్నై ల్యాబుల వల్లా కాదు. వాళ్ళు చేసేది కూడా లోపలున్న ఫైళ్ళను బయటికి తియ్యడమే. తీశాక ఆ డిస్కు పక్కన పడెయ్యాల్సిందే.

అందుకని అడగాల్సిన మాట వేరు. ఈ డిస్కులో ఇంకాస్త ఊపిరి మిగిలి ఉంది, దాన్ని దేనికి ఖర్చు పెట్టాలి? కరెంటు ఇచ్చిన ప్రతిసారీ ఆ ఊపిరి కొంచెం తగ్గుతుంది. "ఆన్ అవుద్దేమో చూద్దాం" అని మీరు ఐదుసార్లు చూసి, పక్కింటి కుర్రాడు ఇంకో మూడుసార్లు చూసి, అప్పుడు నా దగ్గరికి తెస్తే నాకు చెయ్యడానికి ఏమీ మిగలదు.

మన ముందున్న దారులు నాలుగు. ఇంట్లోనే ఫైళ్ళు కాపీ చేసుకోవడం. డిస్కు మొత్తాన్ని అచ్చుగుద్దినట్టు ఇంకో డిస్కు మీదికి దింపడం. తెలిసిన షాపులో ఇవ్వడం. ల్యాబుకు పంపడం. ఐదోది వదిలేసుకోవడం, అదీ ఒక్కోసారి సరైన దారే. ఏది మీకు సరిపోతుందో రెండు సంగతులు తేలుస్తాయి: డిస్కు ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, లోపల ఏముంది. డిస్కు ఎంతకి కొన్నారు, ఏ కంపెనీది అన్నదానికి ఇక్కడ విలువ లేదు.

ముందు కేబులు చూడండి

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసు. కోత మెషీన్ల దుమ్ము కంప్యూటరు లోపల తెల్లగా పేరుకుపోయింది. సిస్టమ్ గంటకోసారి నిలబడిపోతోంది. ఎవరో చూసి డిస్కు పోయింది, కొత్తది వెయ్యాలన్నారట. నేను స్మార్ట్ రిపోర్టు తీశాను. డిస్కు తన ఆరోగ్యం తానే రాసుకునే చిట్టా అది. విండోస్‌లో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం పెట్టుకుంటే ఎవరైనా చూసుకోవచ్చు. అందులో చూడాల్సినవి నాలుగే. 5వ నంబరు: చెడిపోయిన సెక్టార్ల (డిస్కులో డేటా రాసే చిన్న చిన్న గళ్ళ) బదులు విడిగా దాచిపెట్టిన సెక్టార్లను ఎన్నిసార్లు వాడుకుందో చెప్తుంది. 197: చదవలేక, ఏం చెయ్యాలో తేల్చుకోలేక పెండింగులో పెట్టిన సెక్టార్లు. 198: ఇంక చదవడం కుదరదని తేల్చేసినవి. 199: డిస్కుకూ కంప్యూటరు బోర్డుకూ మధ్య దారిలో డేటా చెడిపోయిన లెక్క.

ఆ ఆఫీసు డిస్కులో మొదటి మూడూ సున్నాలు. 199 మాత్రం వేలల్లో ఉంది. అంటే డిస్కు బాగానే ఉంది, దాన్ని బోర్డుకు కలిపే సాటా కేబులు వదులైంది. కేబులు మార్చి, దుమ్ము ఊది ఇచ్చాను. నాలుగేళ్ళయింది, ఆ డిస్కు ఇప్పటికీ తిరుగుతోంది. సింగరాయకొండ, పాకల వైపు నుంచి వచ్చే సిస్టముల్లో ఇదే గొడవ ఉప్పుగాలి వల్ల వస్తుంది, కాంటాక్టుల మీద పచ్చగా చిలుం పడుతుంది. చప్పుడేమీ లేకుండా, కింద పడకుండా, ఉన్నట్టుండి డిస్కు కనబడటం మానేస్తే ముందు కేబులు మార్చి చూడండి. ఖర్చు ఒక పూట టిఫిన్ డబ్బులంత. ఒక్కసారి మార్చి చూడాలి, అంతే. మార్చినా కనబడకపోతే మళ్ళీమళ్ళీ ఆన్ చెయ్యొద్దు.

5, 197, 198 లలో అంకెలు పెరుగుతుంటే మటుకు గడియారం మొదలైనట్టే. గూగుల్ తన డేటా సెంటర్లలోని లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ఒక పరిశోధన ప్రచురించింది. స్కాన్‌లో మొదటి తప్పు కనబడ్డ డిస్కు, ఆ తర్వాతి 60 రోజుల్లో చనిపోయే అవకాశం, తప్పులేని డిస్కు కంటే 39 రెట్లు ఎక్కువని అందులో తేలింది. అదే పరిశోధనలో ఇంకో మాట ఉంది, నేను దీన్నే ఎక్కువమందికి చెప్తుంటాను: చనిపోయిన డిస్కుల్లో 36 శాతానికి పైగా, ఉష్ణోగ్రత సంగతి పక్కనపెడితే, స్మార్ట్ చిట్టాలో ఒక్క తప్పూ చూపించలేదు. అంటే చిట్టా చెడ్డగా ఉంటే నమ్మండి. బాగుందని చెప్తే మాత్రం నిశ్చింతగా కూర్చోవద్దు. ఫోల్డరు తెరవడానికి నిమిషం పడుతోంది, ఫొటోలు సగం బూడిదరంగులో వస్తున్నాయి, ఇంతకు ముందు లేని చప్పుడు వస్తోంది అంటే, చిట్టా ఏమన్నా సరే, డిస్కు చెప్పేదే వినండి.

ఫైళ్ళు తెరుచుకుంటున్నాయా? ఇంట్లోనే తీసుకోండి

డిస్కు కనబడుతోంది, ఫోల్డర్లు తెరుచుకుంటున్నాయి, చప్పుడు మామూలుగానే ఉంది, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో పసుపు రంగు వచ్చింది. ఇది మీ చేతుల్లో ఉన్న పని. షాపుకు పరిగెత్తక్కర్లేదు. ఈ రాత్రికే మొదలుపెట్టాలి, అదొక్కటే షరతు.

అదే డిస్కు మీద విండోస్ నడుపుతూ కాపీ చెయ్యొద్దు. విండోస్ ఊరికే కూర్చోదు, వెనకాల ఏదో ఒకటి రాస్తూ, చదువుతూ ఉంటుంది. డిస్కు ఊడదీసి, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టరుతో ఇంకో కంప్యూటరుకు తగిలించండి. డెస్క్‌టాప్‌లో వాడే పెద్ద డిస్కుకు విడిగా 12 వోల్టుల కరెంటు కావాలి, అడాప్టరుతోపాటు ఆ పవర్ ప్లగ్గు ఉందో లేదో చూసుకుని కొనండి. ల్యాప్‌టాప్ డిస్కయితే ఊడదీసే ముందు ఒక జాగ్రత్త: కొత్త ల్యాప్‌టాపుల్లో చాలావాటికి బిట్‌లాకర్ తాళం వేసి ఉంటుంది. వేరే సిస్టముకు పెడితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉందేమో ముందే చూసి కాగితం మీద రాసుకోండి.

ఇంక వరస. నా వృత్తిలో నేను చేసిన తప్పుల్లో నన్ను ఇప్పటికీ వదలనిది ఈ వరస దగ్గర చేసిందే. 2013లో కావలి నుంచి ఒక స్టూడియో అతను 1 టీబీ డిస్కు తెచ్చాడు. ఆ సీజన్ పెళ్ళిళ్ళన్నీ అందులోనే. డిస్కు ఇంకా పనిచేస్తోంది. నేను పెద్ద ఫోల్డరు ముందు అయిపోతే మంచిదని పెళ్ళి వీడియోలు మొదలుపెట్టాను. మూడు గంటలు బాగానే నడిచింది, ఆ తర్వాత టిక్కుమంది. అంతటితో అయిపోయింది. ఆల్బముకు ఏరిపెట్టిన ఫొటోలన్నీ కలిపినా నాలుగు జీబీ లేవు. వాటితో మొదలుపెట్టి ఉంటే పది నిమిషాల్లో బయటపడేవి. పెళ్ళికూతురి నాన్న స్టూడియో అతనితో పాటు మా షాపుకొచ్చి, ఏమీ అనకుండా కాసేపు కూర్చుని వెళ్ళాడు. అప్పటి నుంచి ఎవరి డిస్కయినా నేను అడిగేది ఒకటే: "ఇందులో ఒక్కటే దక్కుద్దంటే ఏం కావాలి?" ఆ ఒక్కటి ముందు. తర్వాత మళ్ళీ దొరకని చిన్న ఫైళ్ళు: దస్తావేజుల స్కానులు, ఫొటోలు, లెక్కలు. వీడియోలు ఆ తర్వాత. సినిమాలు, పాటలు ఆఖరున, ఓపికుంటేనే.

"సీ డ్రైవులో ఏమీ లేదన్నా, అన్నీ డీలోనే ఉన్నాయి" అంటారు. డెస్క్‌టాప్ మీద పెట్టినవీ, డాక్యుమెంట్లూ, డౌన్‌లోడ్లూ అన్నీ సాధారణంగా సీలోనే ఉంటాయి. ట్యాలీ వాడేవాళ్ళు డేటా ఫోల్డరు ఎక్కడుందో ట్యాలీలోనే చూసుకోవాలి, ఒక్కొక్కరిది ఒక్కో చోట ఉంటుంది. డీటీపీ చేసేవాళ్ళకు ఇంకొకటి చెప్పాలి: అనూ ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కొట్టిన ఫైళ్ళు ఎన్ని కాపీ చేసినా, ఆ ఫాంట్లు కూడా కాపీ చెయ్యకపోతే రేపు కొత్త సిస్టములో తెరిస్తే తెలుగు బదులు పిచ్చిగీతలే కనబడతాయి. ఇంకొందరు డిస్కు చెడిపోతోందని తెలిసి, జాగ్రత్తపడి, సీలోంచి అన్నీ డీలోకి మార్చి ఊపిరి పీల్చుకుంటారు. సీ, డీ రెండూ అదే డిస్కులో రెండు గదులు. ఇల్లే కూలుతుంటే ఈ గదిలోంచి ఆ గదిలోకి సామాను మార్చి లాభం లేదు.

కట్ చేసి పేస్ట్ చెయ్యొద్దు, కాపీ మాత్రమే. మామూలు విండోస్ కాపీ ఒక చెడ్డ ఫైలు దగ్గర ఇరుక్కుని కూర్చుంటుంది. రోబోకాపీ అని విండోస్‌లోనే ఉన్న కమాండు మేలు. కాకపోతే దాని పద్ధతి ఒకటి తెలుసుకోవాలి: మనం ఏమీ చెప్పకపోతే చదవలేని ఫైలును పది లక్షల సార్లు, సారికి 30 సెకన్ల విరామంతో ప్రయత్నిస్తుంది. చావబోయే డిస్కుకు అది ఉరితాడే. మళ్ళీ ప్రయత్నించే లెక్కను సున్నా పెట్టి నడపండి. చెడ్డ ఫైలును వదిలేసి ముందుకెళ్తుంది.

టైము సంగతి: ఆరోగ్యంగా ఉన్న 1 టీబీ డిస్కును సెకనుకు 100 ఎంబీ చొప్పున చదివితే పావుతక్కువ మూడు గంటలు. పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో పెడితే అదే ఏడెనిమిది గంటలు. నీలంరంగు పోర్టు ఉంటే అందులో పెట్టండి. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు, మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం.

మధ్యలో నిలబడిపోతోందా? డిస్కు మొత్తం దింపండి

టంగుటూరు నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు వచ్చారు. సీపీయూను తువ్వాలులో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. కౌంటరు మీద దించి, తువ్వాలు విప్పి మడత పెట్టి, అప్పుడు కూర్చున్నారు.

"అబ్బాయ్, ఇది పని చేస్తానే ఉంది. మధ్యలో నిలబడిపోతంది, అంతే. మా అల్లుడు చెక్‌డిస్క్ పెట్టమన్నాడు. రాత్రంతా పెట్టి ఉంచా."

"ఎంతదాకా వచ్చింది మాస్టారూ?"

"తెల్లారేసరికి పద్నాలుగు శాతం. ఇంకో నాలుగు రోజులు ఉంచితే వంద అవుద్ది కదా?"

"ఇంక ఆన్ చెయ్యబాకండి మాస్టారూ. లోపల ఏముంది?"

ఆయన చెప్పారు. ఇరవై ఏళ్ళుగా పొగాకు బ్యారన్ల దగ్గర, కళ్ళాల్లో, వేలం కేంద్రం దగ్గర కూర్చుని పోగుచేసిన మాటలు. ఆకు కొట్టడం నుంచి బేళ్ళు కట్టడం దాకా ఏ పనికి ఏ మాట అనేవాళ్ళో, ఏ ఊళ్ళో ఎలా అనేవాళ్ళో. అనూ ఫాంట్లలో స్వయంగా కొట్టుకున్నారు. చెప్పినవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరన్నారు.

విండోస్‌లోనే ఉండే చెక్‌డిస్క్ మంచి పనిముట్టే, ఆరోగ్యంగా ఉన్న డిస్కు మీద. కరెంటు పోయి ఫైళ్ళ పట్టిక గందరగోళమైతే దాన్ని సరిచేస్తుంది. డిస్కే చెడిపోతున్నప్పుడు అది చదవలేని ప్రతి సెక్టారు దగ్గరా ఆగి, గోకి గోకి చదివించి, పైగా పట్టికను తిరగరాస్తుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు. "ఫార్మాట్ చెయ్యమంటారా?" అని విండోస్ అడిగినా, "రిపేరు చెయ్యమంటారా?" అని అడిగినా ఈ స్థితిలో వద్దనే నొక్కాలి.

ఇలాంటి డిస్కుకు ఫైలు ఫైలుగా కాపీ చెయ్యడం పనికిరాదు. ఒక్కో ఫైలు ముక్కలు డిస్కులో ఒక్కో మూల ఉంటాయి, డిస్కును చదివే తల అటూ ఇటూ పరిగెత్తాలి. దాని బదులు డిస్కును మొదటి సెక్టారు నుంచి చివరిదాకా వరసగా చదువుతూ ఇంకో డిస్కు మీదికి దింపాలి. క్లోన్ తియ్యడం అంటే ఇదే. దీనికి నాకు తెలిసినంతలో డీడీ రెస్క్యూ అనే ఉచిత లినక్స్ ప్రోగ్రామును మించింది లేదు. దాని తెలివి ఏంటంటే, చెడ్డ చోటు తగిలితే అక్కడ పంతం పట్టదు. గుర్తు రాసుకుని దూకేసి, ముందు బాగున్నదంతా తీసేస్తుంది. అది భద్రంగా చేరాక మిగిలిన చెడ్డ చోట్లకు తిరిగి వచ్చి కొంచెం కొంచెంగా గీకుతుంది. ఎక్కడిదాకా అయిందో ఒక మ్యాపు ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి డిస్కును చల్లారనిచ్చి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. మ్యాపు ఫైలు పెట్టకుండా నడిపితే ఈ లాభమంతా పోతుంది.

ఇంట్లో చెయ్యొచ్చా? లినక్స్ పెన్‌డ్రైవు నుంచి సిస్టము బూట్ చెయ్యడం అలవాటున్నవాళ్ళు చెయ్యొచ్చు. పాత డిస్కుకు సమానమో పెద్దదో అయిన ఖాళీ డిస్కు కావాలి. ఏది పాతది, ఏది కొత్తది అన్నది సీరియల్ నంబరుతో సరిచూసుకోవాలి. ఆ రెండూ తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ డేటా మీద అచ్చవుతుంది, దానికి మందు లేదు. చెయ్యి వణికే పనైతే షాపుకివ్వండి. ఇవ్వబోయే ముందు ఒక ప్రశ్న అడగండి: "ముందు క్లోన్ తీస్తారా, నేరుగా దీని మీదే రికవరీ సాఫ్ట్‌వేర్ నడుపుతారా?" క్లోన్ తీసి, క్లోన్ మీద పనిచేస్తామన్న వాళ్ళకే ఇవ్వండి. టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాములు చాలా చేస్తాయి, కానీ వాటిని నడపాల్సింది క్లోన్ మీద. చెడిపోతున్న డిస్కు మీదే రికవరీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తే, వెతుకుతున్న ఫైలు మీదే దాన్ని రాసిపెట్టినట్టవుతుంది.

మాస్టారి డిస్కు 500 జీబీ. మొదటి రాత్రికి చాలా భాగం వచ్చింది. చివరి కొద్దిపాటి దానికి ఇంకో రెండు రోజులు, మధ్యమధ్య ఆపుతూ. ఆయన మాటల ఫోల్డరులో రెండు ఫైళ్ళు పోయాయి. ఒకదాని ప్రింటు ఆయన దగ్గర ఉంది. రెండోది కొండపి వైపు మాటలట. తువ్వాలు భుజం మీద వేసుకుంటూ, "మళ్ళీ వెళ్ళి అడుగుతాలే, ఇద్దరు ముగ్గురు ఉన్నారింకా" అన్నారు.

టిక్ టిక్ అంటోందా? కింద పడిందా? తడిసిందా?

ఇక్కడ ఇల్లూ లేదు, షాపూ లేదు. మా షాపు కూడా లేదు. ల్యాబు ఒక్కటే, లేదా వదిలేసుకోవడం.

ఎందుకో చెప్తాను. డిస్కు లోపల పలకలుంటాయి. మార్కాపురం పలక మీద బలపం ఆనించి రాస్తాం. ఈ పలక మీద తల ఆనకూడదు. నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరిగే పలక మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తల గాల్లో తేలుతూ చదువుతుంది. మన వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. ఆ ఇరుకులోకి మన కంటికి కనబడని దుమ్ము రేణువు వెళ్ళినా అది కొండంత. టిక్ టిక్ శబ్దమంటే, తల తన చోటు వెతుక్కుని దొరక్క వెనక్కి వచ్చి కొట్టుకుంటోందన్నమాట. తల విరిగి ఉంటే, తిరిగే ప్రతి చుట్టులో పలక మీది పూతను గీసుకుపోతుంది. పూత పొడిగా రాలిపోయాక అందులో రాసి ఉన్నది ప్రపంచంలో ఏ ల్యాబూ తియ్యలేదు. 7200 వేగమంటే సెకనుకు 120 చుట్లు. "ఒక్క నిమిషం ఆన్ చేసి చూస్తా" అంటే ఎన్ని గీతలో మీరే లెక్కేసుకోండి.

కాబట్టి ప్లగ్గు పీకండి. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందన్న మాట ఇప్పటికీ తిరుగుతోంది. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది, ఉన్నదీ పోతుంది. తట్టడం, విదిలించడం అంతే. అదే మోడల్ డిస్కు కొని, డిస్కు కిందుండే బోర్డు మార్చేస్తే సరిపోతుందనే మాట పాత రోజుల్లో నిజం. ఇప్పటి బోర్డుల మీద ఆ ఒక్క డిస్కుకే సంబంధించిన కొలతలు దాచిన చిప్పు ఉంటుంది. దాన్ని ఊడదీసి కొత్త బోర్డుకు అతికిస్తేనే పని జరుగుతుంది.

2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను తర్వాత నెల్లూరు నుంచి తడిసిన డిస్కులు రెండు వచ్చాయి. ఎండలో పెట్టి, హెయిర్ డ్రయ్యరు కొట్టి, ఆరిందని ఆన్ చేసి తెచ్చారు. నీళ్ళలోని మట్టి ఆరి పలకల మీద గట్టిపడితే ల్యాబుకు పని రెట్టింపవుతుంది. తడిసిన డిస్కును ఆరబెట్టొద్దు, బియ్యంలో పాతిపెట్టొద్దు. తడిగుడ్డలో చుట్టి, గాలి చొరని కవరులో పెట్టి అలాగే ల్యాబుకు చేర్చండి.

ల్యాబు ఎంచుకునేటప్పుడు అడగాల్సింది: దుమ్ము లేని క్లీన్ రూము మీ దగ్గరే ఉందా, ఇంకొకరికి పంపిస్తారా? ముందు చూసి ఎంతవుతుందో రాతపూర్వకంగా చెప్తారా? డేటా రాకపోతే చార్జీ ఎంత? డబ్బు కట్టేముందు దొరికిన ఫైళ్ళ పట్టిక చూపిస్తారా? బేరం ఆడటం కన్నా ఈ ప్రశ్నలు అడగడం ముఖ్యం. టేబులు మీద, ఫ్యాను కింద డిస్కు మూత తీస్తానన్న చోటు నుంచి లేచి వచ్చెయ్యండి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో విడిభాగాలు దొరకనివి ఉండవు, కానీ విడిభాగాలు దొరికే చోటల్లా ల్యాబు ఉండదు.

ఖర్చు గట్టిగానే ఉంటుంది. నా దగ్గర నుంచి వెళ్ళినవాళ్ళకు తలలు మార్చాల్సిన పనులు పది వేలు దాటి, ముప్ఫై వేల దాకా కూడా అయ్యాయి. అందుకే వదిలేసుకోవడం గురించి నిజాయితీగా ఆలోచించమంటాను. లోపలున్నవి సినిమాలు, పాటలైతే వదిలేయండి. పిల్లల ఫొటోలైతే ముందు పాత ఫోనులో, గూగుల్ ఫొటోస్‌లో, వాట్సాప్‌లో అక్కచెల్లెళ్ళకు, వదినలకు పంపినవి అడగండి. ఒకావిడ అలా నాలుగు ఇళ్ళు అడిగి, పాప మొదటి పుట్టినరోజు ఫొటోలు దాదాపు అన్నీ పోగుచేసుకుంది, ల్యాబుకు పంపనేలేదు.

పంపాలనుకుంటే కొరియరు కన్నా చేత్తో తీసుకెళ్ళడం మేలు. పినాకిని రైలు ఎక్కితే ఒంగోలు, కావలి, నెల్లూరు ఎక్కడి నుంచైనా అదే రోజు చెన్నైలో ఉంటారు. యాంటీస్టాటిక్ కవరు, దాని చుట్టూ మందంగా స్పాంజి, గట్టి డబ్బా. ఇచ్చేటప్పుడు డిస్కు సీరియల్ నంబరు రసీదు మీద రాయించుకోండి. అందులో మీ ఆధార్లు, బ్యాంకు కాగితాలు, ఇంట్లోవాళ్ళ ఫొటోలు ఉంటాయి, పని అయ్యాక వాళ్ళ దగ్గరున్న కాపీ ఎన్నాళ్ళకు చెరిపేస్తారో కూడా అడగండి.

వారంటీ ఉందనుకోండి, సంతోషపడే ముందు ఒక్క నిమిషం. వారంటీ ఇచ్చేది డిస్కుకు బదులు డిస్కు. పాతది వాళ్ళే ఉంచేసుకుంటారు, అందులోని మీ ఫైళ్ళతో సహా. ముందు డేటా, తర్వాతే వారంటీ.

కొత్తది ఏది?

విండోస్ నడిచే డిస్కుగా ఎస్‌ఎస్‌డీ (పలకల బదులు చిప్పుల్లో డేటా దాచేది) తప్ప ఇంకోటి నేను ఎవరికీ వెయ్యను. పాత డెస్క్‌టాపుకు కూడా. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 500 ఎంబీ పైన చదువుతుంది, తిరిగే భాగాలు లేవు, చిన్న కుదుపులకు చెక్కుచెదరదు. మీ సిస్టము విండోస్ 10 దైతే, దాని మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ సిస్టముకు విండోస్ 11 ఎక్కుతుందో లేదో చూసుకుని, ఎక్కదంటే పెద్ద ఎస్‌ఎస్‌డీకి డబ్బు పొయ్యొద్దు.

కానీ దాచుకోవడానికి ఎస్‌ఎస్‌డీని నమ్ముకోవద్దు. హార్డ్ డిస్కు పోయేముందు చాలాసార్లు మూలుగుతుంది, ఎస్‌ఎస్‌డీ మూలగదు. నిన్న పనిచేసింది, ఇవాళ కనబడదు. పొరపాటున చెరిపేసిన ఫైలు హార్డ్ డిస్కులో కొన్నాళ్ళు దొరుకుతుంది. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు దాన్ని కాసేపట్లోనే నిజంగా తుడిచేస్తుంది. ఏళ్ళ తరబడి కరెంటు లేకుండా బీరువాలో పెట్టడానికీ అది సరిపడదు. పెళ్ళి ఫొటోలు, దస్తావేజులు దాచుకునేవాళ్ళకు నా సలహా రెండు మామూలు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు. ఒకటి మీ ఇంట్లో, ఒకటి ఇంకో ఊళ్ళో ఉన్న తమ్ముడింట్లోనో అత్తగారింట్లోనో. ఒక పెద్ద డిస్కు కన్నా రెండు చిన్నవి మేలు. బాగా ముఖ్యమైన నాలుగైదు జీబీలు క్లౌడులో కూడా పెట్టండి. గూగుల్ అకౌంటుతో వచ్చే 15 జీబీ ఉచితంలోనే అవి సరిపోతాయి.

మరీ చవగ్గా దొరికే డిస్కు కొనేముందు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో 9వ నంబరు చూడండి. ఎన్ని గంటలు నడిచిందో అక్కడ ఉంటుంది. సీసీ కెమెరాల పెట్టెలోంచి తీసిన డిస్కయితే ముప్ఫై నలభై వేల గంటలు కూడా కనబడతాయి, అంటే నాలుగేళ్ళు రాత్రీ పగలూ తిరిగినట్టు.

పాత డిస్కును ఏం చెయ్యాలి

ఫైళ్ళన్నీ వచ్చాయని వెంటనే పారెయ్యొద్దు. మీద స్కెచ్‌తో "చెడిపోయింది" అని రాసి, తేదీ వేసి, ఆరు నెలలు పక్కన పెట్టండి. ఏదో ఒక ఫైలు రాలేదన్న సంగతి ఆదాయపు పన్ను రిటర్నులప్పుడో, ఇల్లు అమ్మేటప్పుడో గుర్తొస్తుంది, అప్పుడు మళ్ళీ దాన్నే ఆశ్రయించాలి. ఆ తర్వాత పాత ఇనుప సామాన్లవాడికి వేసేటట్టయితే డ్రిల్లుతో పలకల మీదుగా మూడు నాలుగు బెజ్జాలు కొట్టి వెయ్యండి. ల్యాప్‌టాప్ డిస్కుల్లో కొన్నింటి పలకలు గాజువి, కొట్టేటప్పుడు చిట్లి ఎగురుతాయి. పాత గోనెసంచిలో పెట్టి, కళ్ళకు అద్దాలు పెట్టుకుని కొట్టండి.